పాదిరి రాకుండా కాపలా

నేను దేవుణ్ణి నమ్మను. దయ్యాన్ని అసలే నమ్మను. ఈ మాట ముందే చెప్పేస్తే నా మనసుకి నిమ్మళంగా ఉంటుంది. ఇప్పుడు చెప్పబోయేది విని, ఈ ఇరిదేకి ముసలితనంలో మతి చలించిందనేవాళ్ళు మా ఫోస్సానేరాలోనే బోలెడుమంది. అననివ్వండి. పార్టీవాళ్ళ 'ప్రజల ఇంటి'లో ఇన్నేళ్ళూ వాళ్ళకి కాఫీలు, వైను పోసిందాన్ని నేను. పేకాట దగ్గర జుట్లు పట్టుకుంటే విడదీసిందాన్ని. ఎవరి మతి ఏపాటిదో నాకు బాగా తెలుసు.

చెప్పాల్సింది తారియా గురించి. అసలు పేరు లిబెర్తారియా. మా వైపు పిల్లలకి పునీతుల పేర్లు పెట్టరు, పాదిరి చేత నీళ్ళు చల్లించరు. ఆమె తండ్రి నార కుంటల్లో కూలీ. రోజంతా మొలలోతు మురుగునీళ్ళలో నిలబడి నారమోపులు నానబెట్టేవాడు. కూతురికి స్వేచ్ఛ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు, కొడుక్కి తిరుగుబాటు అని పెట్టాడు. ఆ తిరుగుబాటుగాడు కోడిపుంజు రెక్కలు టపటపలాడిస్తే ఇంట్లోకి పరిగెత్తే రకం. ఇద్దరి ధైర్యమూ తారియాకే వచ్చింది.

పొట్టి మనిషి. పెద్ద చేతులు. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది, ముందు పన్ను విరిగిందని. ఆడవాళ్ళకి ఓటు వచ్చిన ఏడు తలంటుకుని, తెల్లవారేసరికి ఓట్లేసే బడి గేటు ముందు నిలబడింది. ఆ తర్వాత ఒక్క ఎన్నికా తప్పలేదు. జ్వరం వచ్చినా వెళ్ళింది, ఏటికి వరదొస్తే పడవెక్కి వెళ్ళింది.

మా ఊళ్ళో దేవుణ్ణి నమ్మకపోవడమూ ఎర్ర పార్టీకి ఓటెయ్యడమూ ఒకటే లెక్క. అన్నం తినేవాడు నీళ్ళు తాగడా అన్నట్టు మాట్లాడతారు. మందుల దుకాణం ఫాబ్రీగారు ఒక్కడే తేడా. ఆయన కూడా గుడి గడప తొక్కడు, కానీ ఓటు మాత్రం భూస్వాముల పార్టీకి. "ఆయన నాస్తికుడేమిటే, మోకాళ్ళ నొప్పులకి భయపడి మోకరించడు, అంతే," అనేది తారియా. ఆయన కూడా నవ్వి ఊరుకునేవాడు. ఆయన పోయినప్పుడు మేం కాపలా కాయలేదు. మా కాపలా మావాళ్ళకే.

ఆ కాపలా సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా తాతల కాలంలో పాదిరిని నోటికొచ్చినట్టు తిట్టే మొనగాడొకడు ఉండేవాడట. వాడు చావుబతుకుల్లో ఉన్నప్పుడు పెళ్ళాం పెరటి తలుపు తీసింది. పాదిరి దూరాడు. మరుసటి ఆదివారం గుడిలో, "చూశారా, చివరికి నన్నే పిలిచాడు," అన్నాడు. అంతే, ఊరు ఊరంతా నీరుగారిపోయింది. ఆ ఏడు ఓట్లన్నీ గుడివాళ్ళ పార్టీకే పడ్డాయి. అప్పట్నుంచి మావాళ్ళు ఎవరు మంచం పట్టినా పార్టీ ఇద్దరిని కాపలా పెట్టేది. ఒకరు మంచం దగ్గర, ఒకరు గుమ్మం దగ్గర. జబ్బు ముదరకముందే ఆ మనిషి సాక్షుల ముందు ఒక మాట చెప్పాలి.

"నాకు మతి సరిగ్గానే ఉంది. ఇక ముందు నేను పాదిరిని పిలిస్తే, ఆ పిలిచేది నేను కాదు. మీరు వినొద్దు."

తారియా పంతొమ్మిదో ఏట తన తండ్రి మంచం దగ్గర మొదలుపెట్టింది. ఆ తర్వాత ఊళ్ళో ఎవరికి ఆఖరి గడియలొచ్చినా ఆమెనే పిలిచేవారు. మంచానికీ కిటికీకీ మధ్య కుర్చీ వేసుకుని, ఒళ్ళో చిక్కుడుకాయలు వొలుచుకుంటూనో, మలుగు చేపల వల అల్లుకుంటూనో కూర్చునేది. నోరు ఎండితే గుడ్డ తడిపి పెదాలకి అద్దేది. మా ఆయన పోయాక నేను గుమ్మం కాపలాకి చేరాను. నాకు నోరెక్కువ కదా, పాదిరిని తరిమెయ్యడానికి పనికొస్తానన్నారు.

తరమాల్సిన పని పడలేదు. పాదిరి అల్బీనో మెత్తటి మనిషి, ఉబ్బసం. తనంతట తాను ఎప్పుడూ రాలేదు. గుమ్మం దగ్గర కూర్చున్న నాకు దొరికింది ఇంకొకటి.

అది మొదటిసారి విన్నది మెనోత్తి ఇంట్లో. ఇప్పటి మా పార్టీ కార్యదర్శి ఎవారిస్తో తండ్రి. మెనోత్తి ఎలాంటివాడంటే, గుడి గంట మోగినప్పుడల్లా ఉమ్మేవాడు. కట్టుకున్నదాన్ని ఒక్కరోజూ 'ఏమే' అని తప్ప పిలిచింది లేదు. కొడుకు నారమిల్లుకి డ్యూటీకి వెళ్ళాడు. బయట పొగమంచు, పట్టపగలే ఎదుటి కంచె కనిపించడం లేదు. సగం తెరిచిన తలుపులోంచి మెనోత్తి గొంతు వినిపించింది.

"దయచేసి పాదిరిగారిని లోపలికి రమ్మంటారా అమ్మా? పాపం, తలుపు దగ్గరే నిలబడ్డారు."

తలుపు దగ్గర ఉన్నది నేను. నా పక్కన ఎవరూ లేరు. అయినా గభాలున తిరిగి చూశాను.

"ఎవరూ లేరు. పడుకో," అంది తారియా.

"ఆయన్ని ఎంతసేపు నిలబెడతారు? చలిగా ఉంది కదండీ."

గొంతు మెనోత్తిదే. ఆ మర్యాద మాత్రం మెనోత్తిది కాదు. సాయంత్రం దాకా అదే అడిగింది. ఒక్కసారీ గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. అడగడం మానేసిన కాసేపటికి మెనోత్తి పోయాడు. తారియా బయటికొచ్చి చేతులు కడుక్కుంది. పరిగెత్తుకొచ్చిన ఎవారిస్తో భుజం మీద చెయ్యి వేసి, "మీ నాన్న ఎలా బతికాడో అలాగే పోయాడు నాయనా," అంది. వాడు చిన్నపిల్లాడిలా భోరున ఏడ్చాడు.

ఇంటికి వస్తూ ఆగలేక అడిగాను. "తారియక్కా, అందరూ అంతేనా?"

"అందరూ అంతే. అవే మాటలు. మా నాన్న కూడా."

"వాళ్ళు కాకపోతే మరెవరే అది?"

"నాకేం తెలుసు? నా పని వినడం కాదు ఇరిదే, వినకపోవడం. నువ్వూ వినలేదు, తెలిసిందా?"

నేను వినలేదనే అన్నాను. ఊరంతటికీ, మావాళ్ళు రాయిలా పోయారన్న ధీమా ఉండేది. ఎన్నికల ముందు ఎవారిస్తో ఉపన్యాసాల్లో పోయినవాళ్ళని ఒక్కొక్కరినే తలుచుకుని, "వీళ్ళల్లో ఒక్కరైనా వణికారా?" అని గర్జించేవాడు. ఆడవాళ్ళు శాలువా కొసలతో కళ్ళొత్తుకునేవాళ్ళు. తారియా వెనక బెంచీలో కూర్చుని తన బూట్ల వైపు చూసుకునేది.

ఆమె మొగుడు గ్వెర్రీనో. మలుగులు పట్టేవాడు. ఏట్లో పడవ మీద పాడితే గట్టు మీద బట్టలుతికేవాళ్ళు చెవులు మూసుకునేవారు, అంత దరిద్రంగా పాడేవాడు. ఇద్దరూ రోజూ కొట్లాడుకునేవాళ్ళు. మొక్కజొన్న పోలెంటా గంజైందనీ, వల చినిగిందనీ, అసలు కారణం లేకుండానూ. కానీ చలికాలంలో ఆయన పడవ దిగేసరికి ఆమె పొయ్యి మీద వేడిచేసిన ఇటుకని గుడ్డలో చుట్టి రేవుకి తెచ్చేది, ఆయన కాళ్ళు పెట్టుకోవడానికి. ఊళ్ళో ఇంకే ఆడదీ అలా తెచ్చేది కాదు.

అరవై నాలుగులో ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. నవంబరు నెల, ఊరి కౌన్సిలు ఎన్నికలు. పోలింగు ఆదివారం, సోమవారం మధ్యాహ్నం దాకా. గ్వెర్రీనో మంచంలోనే, ఎవారిస్తో ముందూ నా ముందూ ఆ మాట చెప్పాడు. చెప్పి దగ్గుతూ నవ్వాడు. "ఆ నల్లకోటు నా గుమ్మం తొక్కితే నేనే లేచి తంతానురా ఎవారిస్తో. లేవలేకపోతే నువ్వు నా కాలు పట్టుకుని తన్నించు."

"నీ మంచం దగ్గర ఎవరు కూర్చుంటారన్నా? వదిన వద్దులే, కట్టుకున్నది కదా, మనసు ఆగదు," అన్నాడు ఎవారిస్తో.

"ఆవిడే కూర్చుంటుంది. ఇంకెవరైనా కూర్చుంటే నా పీక నొక్కుతుంది," అన్నాడు గ్వెర్రీనో. తారియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసింది అదే ఆఖరు.

శనివారం ఉదయం నేను గుమ్మంలో కూర్చున్నాను. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే నా కాళ్ళకున్న చెక్క చెప్పులు నాకే మసగ్గా కనిపిస్తున్నాయి. బడిలో పోలింగు గదులు కడుతున్న మేకుల చప్పుడు వినిపిస్తోంది. లోపల నిశ్శబ్దం. ఇక మొదలవుతుందేమో, 'దయచేసి' అంటుందేమో అని నా చెవులు అక్కడే ఉన్నాయి.

"ఏయ్ పిచ్చుకా."

నాకు నవ్వొచ్చింది. తారియాని పిచ్చుక అనడం నేనెప్పుడూ వినలేదు. మూసిన తలుపుల వెనక పిలుచుకునే పేరులా ఉంది. గొంతు ఖంగుమంది, జబ్బు మనిషి గొంతులా లేదు.

"ఏంటి? నీళ్ళా?"

"నీళ్ళెందుకే. ఆ నల్లకాకిని పిలువు."

తారియా చిక్కుడుకాయల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"చెవుడొచ్చిందా? పాదిరిని పిలవవే. నవ్వకు. నాకు భయంగా ఉంది పిచ్చుకా. చచ్చేంత భయంగా ఉంది."

"నువ్వేనా?" అంది తారియా. ఇన్ని మంచాల దగ్గర కూర్చుని ఆమె ఎవరినీ అడగని మాట అది.

"కాక ఇంకెవడే? పొద్దుట నా గడ్డం గీస్తూ చెంప తెగ్గోసింది ఎవరు, పక్కింటి మంగలా? పెళ్ళినాడు రేవులో నీ బూటు నీళ్ళలో పడితే ఎవరు దూకారే తియ్యడానికి? నేను కాదూ? నవ్వారు కదే అందరూ. ఇప్పుడు నేను అడుగుతుంటే నువ్వు..." ఏడుపు. గ్వెర్రీనో ఏడుపు నేను ఎన్నడూ వినలేదు.

తారియా గుమ్మంలోకి వచ్చింది. మొహం సున్నం కొట్టినట్టుంది. నేను లేచి రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"మాట ఇచ్చాం తారియక్కా. ఆయన ముందే చెప్పాడు, పిలిచేది..."

"వాళ్ళెవరూ వాళ్ళు కాదు ఇరిదే. అది నాకు తెలుసు. ఇది మాత్రం ఆయనే. నా మొగుడి గొంతు నాకు తెలీదా? భయమేస్తోందని ఏడుస్తుంటే కుర్చీలో కూర్చుని చిక్కుళ్ళు వొలవనా?"

"రేపు ఓట్లే! ఊరంతా చూస్తుంది!"

"మండిపోనీ మీ ఓట్లు!" అంది. ఆ మాట తారియా నోటి నుంచి వచ్చిందని నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. శాలువా కూడా కప్పుకోకుండా పొగమంచులోకి వెళ్ళిపోయింది. గుడికి వెళ్ళాలంటే బడి ముందు నుంచే దారి.

మంచం ఖాళీగా వదలకూడదు కదా అని నేను లోపలికి వెళ్ళి ఆమె కుర్చీలో కూర్చున్నాను. గ్వెర్రీనో వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. చెంప మీద చిన్న గాటు, పొద్దుటిదే. కళ్ళ కింద తడి లేదు. అప్పుడే ఏడ్చిన మనిషి మొహంలా లేదు. పెదాలు ఎండి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. గుడ్డ తడిపి అద్దుదామని వంగాను.

"వెళ్ళిందా?"

నేను ఆయన మొహమే చూస్తున్నాను. పెదాలు కదల్లేదు.

గుడ్డ అక్కడే పారేసి గుమ్మంలోకొచ్చి పడ్డాను. వాళ్ళు వచ్చేదాకా మళ్ళీ లోపలికి పోలేదు. పిరికిదాన్నని అనుకుంటే అనుకోండి, మీరైతే కూర్చునేవాళ్ళేమో చూద్దును.

తారియా వచ్చింది. వెనకే పాదిరి అల్బీనో, రొప్పుతూ. ఆ వెనక కొంత దూరంలో, సుత్తులు చేతుల్లోనే పట్టుకుని, ఎవారిస్తో, మరో నలుగురు. కంచె దగ్గర ఆగిపోయారు. వాళ్ళ మొహాలు చూస్తే నాకు తల తీసేసినట్టయింది.

పాదిరి మంచం దగ్గరికి వెళ్ళి మెల్లగా పిలిచాడు. గ్వెర్రీనో కళ్ళు తెరిచాడు. ఆ గొంతు ఖంగుమనలేదు. గాలి తక్కువైన కొలిమి తిత్తిలా ఉంది. ఆయన అసలు గొంతు అది.

"వీడెవడు? ఎవరు పిలిచారు వీణ్ణి?"

"నువ్వే కదా అడిగావు," అంది తారియా. "భయమేస్తోందన్నావు. పెళ్ళినాటి బూటు సంగతి చెప్పావు. పిచ్చుకా అన్నావు."

"నేనా? నిద్రపోతున్నాను కదే." ఆయన ఆమెని చూశాడు. ఆ చూపు నేను చూడకుండా ఉంటే బాగుండేది. ఊరంతా తన మీద పడినా పట్టించుకోని మనిషి, సొంత ఇంటి తలుపు తనకే మూసుకుపోయినట్టు చూశాడు. "నువ్వా పిచ్చుకా. నువ్వు పిలిచావా."

"కాదు, నేను... నువ్వే..."

"బయటికి పో కాకీ," అన్నాడు పాదిరితో. గోడవైపు తిరిగాడు. తారియా మంచం మీద పడి ఆయన భుజం పట్టుకుని ఎన్నిసార్లు పిలిచిందో. ఇటు తిరగలేదు. మధ్యాహ్నం గంట మోగకముందే ప్రాణం పోయింది.

ఇన్నేళ్ళూ అది మర్యాదగా అడిగింది, తారియా తలుపు తియ్యలేదు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని అన్నేళ్ళూ చూస్తూ అది నేర్చుకుంది. నాకు అర్థమైంది ఇంతే. అంతకన్నా తెలివైన మాట ఎవరైనా చెబితే వింటాను.

ఆ సాయంత్రం ప్రజల ఇంట్లో ఒకటే గోల. ఎవారిస్తో బల్ల గుద్ది అరుస్తున్నాడు. అప్పుడే తలుపు తెరుచుకుని పాదిరి అల్బీనో లోపలికి వచ్చాడు. ఆ భవనం కట్టినప్పటి నుంచి పాదిరి అడుగు అందులో పడలేదు. పేకముక్కలు పట్టుకున్న చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"మీకొక నిజం చెప్పి వెళ్తాను," అన్నాడు టోపీ చేత్తో పట్టుకుని. "గ్వెర్రీనో నన్ను బయటికి పొమ్మన్నాడు. ఏ ఆఖరి ప్రార్థనా జరగలేదు. మీరు ఎలా పోవాలని కోరుకుంటారో అలాగే పోయాడు."

ఎవారిస్తో పగలబడి నవ్వాడు. "ఎంత గడుసువాడివయ్యా ఫాదరూ! నీ మాట నమ్మి మేం వాడి పెట్టె మీద ఎర్రజెండా కప్పితే, రేపు గుడిలో 'నా చేతి పవిత్ర రొట్టె తిన్నవాడికి జెండా కప్పారు' అని ఊరంతా మమ్మల్ని చూసి నవ్వేలా చేస్తావు. పాదిరి మాట నమ్మడానికి మేం పాలు తాగే పిల్లలమా?"

అందరూ నవ్వారు. గ్వెర్రీనో నాస్తికుడిగానే పోయాడని చెప్పగల బయటి మనిషి ఆయనొక్కడే, ఆయన మాట నమ్మకూడదన్నదే మా ఊరి మొదటి నియమం. నేను విన్నది చెబుదామని నోరు తెరిచాను. పాదిరిని పొమ్మన్నాడంటే, మరి ముందు పిలిచిందెవరని అడుగుతారు. ఏం చెప్పాలి? పెదాలు కదలకుండా గొంతు వినిపించిందనా? ఉన్న కాస్త పరువూ పోతుంది.

పాదిరికి కాఫీ పోశాను. ఆయన తాగలేదు. గుమ్మం దాకా వెంట వెళితే ఆగి, నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు. "మీవాళ్ళు ఎవరు పోతున్నా ముందు నా కిటికీ మీద ఎవరో తడతారమ్మా. చాలా మర్యాదగా. 'దయచేసి రండి, ఎదురుచూస్తున్నారు' అంటారు. నేను తలుపు తియ్యను."

"మీరెందుకు తియ్యరు? మీ పనే కదా అది?"

"అది మా తరఫు కాదమ్మా."

"మరి ఏ తరఫు?"

ఆయన టోపీ పెట్టుకుని పొగమంచులో కలిసిపోయాడు.

ఆదివారం పోలింగు మందకొడిగా సాగింది. ఆడవాళ్ళు బడి దాకా వచ్చి గోడ దగ్గర గుసగుసలాడుకుని తిరిగి వెళ్ళిపోయారు. "గ్వెర్రీనో లాంటివాడే పిలిచాడంటే..." ఆ మాటని ఎవరూ పూర్తి చెయ్యడం లేదు. ఎవారిస్తో బడి మెట్ల మీద నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. పొద్దు వాలేసరికి మావాళ్ళు సగంమంది కూడా ఓటెయ్యలేదు.

సోమవారం పొద్దున్నే సమాధి. ఊరివాళ్ళు బాగానే వచ్చారు. కొందరు బాధతో, చాలామంది ఏం జరుగుతుందో చూద్దామని. ఏటి గట్టు కింద కొత్తగా తవ్విన గుంట పక్కన పెట్టె దించారు. ఎవారిస్తో జెండాని తోలు గొట్టంలోంచి తియ్యలేదు. కర్రలాగా చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"జెండా కప్పు ఎవారిస్తో," అంది తారియా. రెండు రోజులుగా ఆమె తిండి తినలేదు. నా చెయ్యి పట్టుకుని నిలబడింది.

"పాదిరిని పిలిచినవాడికి జెండా ఎలా కప్పనొదినా?"

"ఆయన పిలవలేదు. నేను తీసుకొచ్చాను."

"ఎందుకు తెచ్చావు?"

"పిలిచినట్టు వినిపించింది."

"అంటే పిలిచాడు!"

"ఆయన కాదు."

"ఆయన కాకపోతే ఎవరు? దయ్యమా? ఇప్పుడు దయ్యాల్ని కూడా నమ్ముతున్నావా?" వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ దారి లేదు. గ్వెర్రీనో వణికాడని ఒప్పుకోవాలి, లేదా దయ్యం ఉందని ఒప్పుకోవాలి. మావాళ్ళ దగ్గర మూడో మాట లేదు.

మూడో మాట తారియా దగ్గర ఉంది. అది ఎవారిస్తోయే ఆమె నోటి దాకా తెచ్చిపెట్టాడు.

"ఇంతమంది మంచాల దగ్గర కూర్చున్నావు కదా వదినా. ఊరందరి ముందూ చెప్పు. ఇంకెవరైనా ఇలా పిలిచారా? మా నాన్న పిలిచాడా?"

ఆమె వేళ్ళు నా చేతిలో బిగుసుకున్నాయి. చెప్పవే, అనుకున్నాను. నీ మొగుడి కోసం చెప్పవే. ఒక్క మాటతో అయిపోతుంది. అందరూ పిలిచారని చెబితే గ్వెర్రీనో ఒక్కడే తప్పు చేసినవాడు కాడు. జెండా వస్తుంది. నేనూ సాక్ష్యం చెబుతాను. ఆమె ఆ జనం వైపు చూసింది. ఒక్కొక్కరి వెనకా ఆమె కూర్చున్న మంచం ఒకటుంది. ఎవారిస్తో అరుస్తున్నాడు గానీ ఆ కళ్ళు బతిమాలుతున్నాయి.

"లేదు నాయనా," అంది తారియా. "మీ నాన్న ఒక్క మాట అనలేదు. ఎవరూ అనలేదు."

ఎవారిస్తో గట్టిగా ఊపిరి వదిలాడు. "విన్నారుగా," అన్నాడు. జెండా గొట్టంలోనే ఉండిపోయింది. ఉత్త పెట్టెనే గుంటలోకి దించారు. మొదటి పార మట్టి పడింది.

అప్పుడు గట్టు మీది నుంచి వినిపించింది.

"దయచేసి పాదిరిగారిని రమ్మంటారా అమ్మా? పాపం, ఎంతసేపు నిలబడతారు?"

మెనోత్తి గొంతు. ప్రతి మే దినానికీ వేదికెక్కి అరిచిన గొంతు, ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. పార పట్టుకున్నవాడు అలాగే ఆగిపోయాడు. ఒక్కరూ తల ఎత్తలేదు. అందరూ తమ బూట్ల వైపు చూసుకుంటున్నారు, నేను కూడా. ఎవారిస్తో మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరికైనా... ఏమైనా వినిపించిందా?" అన్నాడు.

"లేదే," అన్నారు ఒకరు. "ఏమీ లేదు," అన్నారు మరొకరు. నేనూ లేదన్నాను.

"పొగమంచు నాయనా," అంది తారియా మెత్తగా. "పొగమంచులో ఎక్కడెక్కడి మాటలో వినిపిస్తాయి. వెళ్ళి ఓట్లేసి రండి, రెండింటికి మూసేస్తారు."

వాడికి అర్థమైంది. అర్థమైందని చెప్పాలంటే విన్నానని ఒప్పుకోవాలి. జెండా చంకలో పెట్టుకుని గిరుక్కున తిరిగి బడి వైపు నడిచాడు. జనం ఒకరినొకరు రాసుకుంటూ, దాదాపు పరిగెడుతూ వాడి వెనకే వెళ్ళారు. నిన్న రానివాళ్ళు కూడా వెళ్ళారు. ఆ మధ్యాహ్నం బడిలో వరస వీధి మలుపు దాకా వచ్చిందట. పార్టీ ఎప్పటికన్నా బాగా గెలిచింది.

మిగిలిన మట్టి నేనూ తారియా పూడ్చాం.

"పద తారియక్కా, ఓటేసి ఇంటికి పోదాం. జీవితంలో ఒక్కటి తప్పలేదు నువ్వు."

"నువ్వు వెళ్ళు." ఆమె ఆ పచ్చి మట్టి మీద కూలబడింది, గట్టుకీ గుంటకీ మధ్య. "అది ఇప్పుడు ఈయన దగ్గరికి వస్తుంది. ఈయనకి నా మీద కోపం కదా, దానికి తెలుసు. ఎవరో ఒకరు కూర్చోవాలి."

"చచ్చినవాడికి కాపలా ఏమిటే? చచ్చాక ఏముంటుంది, ఏమీ ఉండదు. నువ్వే చెప్పేదానివి."

"ఇప్పుడూ అదే చెబుతాను," అంది. "నువ్వు వెళ్ళు ఇరిదే, చలి."

గట్టెక్కాను. పది అడుగులు వేసేసరికి ఆమె కనిపించడం మానేసింది, మాట మాత్రం వినిపించింది. ఎవరితోనో, ఏమాత్రం గొంతు పెంచకుండా మాట్లాడుతోంది.

"కాదండీ. ఆయన పిలవలేదు. నిద్రపోతున్నాడు. మీరు వెళ్ళండి."

నేను వెనక్కి చూడలేదు. బడి మూసేలోపు చేరాలని గబగబా నడిచాను.